ప్రాచీన భాషల చుట్టరికాన్ని వెదికే వృత్తి: నల్లగొండ విద్యార్థి ప్రశ్నకు సమాధానం

నల్లగొండలో ఎం.ఏ. తెలుగు చదువుతున్న ఒక విద్యార్థి మూడు విషయాలు అడిగారు. ప్రాచీన భాషలను, వాటి బంధుత్వాలను పరిశోధించేవారు నిజానికి చేసే పని ఏమిటి, భద్రిరాజు కృష్ణమూర్తి గారి వంటి పండితుల కృషి ఎలా సాగింది అన్నది మొదటిది. సంస్కృతం అంతంత మాత్రంగా వచ్చినవారు ఈ దారిలోకి రావచ్చునా అన్నది రెండవది. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఉండి చేయగలిగింది ఏమైనా ఉన్నదా, దీనితో బతుకు గడుస్తుందా అన్నది మూడవది. శాసనాలు చదువుతూ, భాషాశాస్త్రం బోధిస్తూ పాలమూరు ప్రాంతంలోనే ఉద్యోగ జీవితం గడిపినవాడిని కనుక నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను.

పది పదిహేను భాషలు అనర్గళంగా మాట్లాడగలిగినవాడే భాషల బంధుత్వం తేల్చగలడని చాలామంది అనుకుంటారు. భాషలు ఎక్కువ రావడం మేలే కాని, అంతమాత్రాన ఈ పని జరగదు. రెండు భాషలలో ఒకే విధంగా వినిపించే మాటలను ఏరి పక్కపక్కన పేర్చడం ఎవరికైనా సాధ్యమే. అటువంటి పోలికలు ఒక భాష మరొక భాష నుంచి మాటలు తెచ్చుకోవడం వలన వస్తాయి, ఒక్కొక్కసారి ఏ కారణమూ లేకుండా కాకతాళీయంగానూ వస్తాయి. పరిశోధకుడికి పోలిక కంటె తేడాలోని క్రమం ముఖ్యం. తమిళంలో ‘ఉరల్’, కన్నడంలో ‘ఒరళు’ అన్నదానిని మనం ‘రోలు’ అంటాము. తమిళ ‘ఇరండు’, కన్నడ ‘ఎరడు’ మనకు ‘రెండు’ అవుతుంది. తమిళ ‘ఉళ్’ మనకు ‘లో’. ఈ మూడింటిలోనూ మాట మొదట ఉండవలసిన అచ్చు తరువాతి హల్లును దాటి లోపలికి జరిగింది. ఒక్క మాటలో జరిగితే దానిని వింతగా చూసి వదలివేయవచ్చు. పదుల కొలది మాటలలో ఒకే పద్ధతిగా జరిగినప్పుడు అది సూత్రమవుతుంది. తెలుగులో మాట మొదట ర, ల, డ వంటి హల్లులు నిలవడం, తమిళ ‘మరం’కు సాటిగా మన పాత ‘మ్రాను’లో ‘మ్ర’ వంటి జంట హల్లు ఏర్పడటం ఈ ఒక్క జరుగుబాటు ఫలితాలే. ఇదే మార్పు గోండీలో, కొండ, కువి, కూయి, పెంగో, మండ భాషలలో కూడా కనబడుతుంది. తెలుగు వాడుకలో తమిళ కన్నడాలకు ఎంత దగ్గరగా కనిపించినా, వంశవృక్షంలో దాని సొంత తోబుట్టువులు ఈ గిరిజన భాషలే అని చెప్పగలగడానికి ఇటువంటి సమష్టి మార్పులే ఆధారం.

ఈ ఆలోచనకు రెండు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలం నుంచి వచ్చి ఉంటాయని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ప్రకటించారు. అప్పటి పండితులలో చాలామంది దక్షిణాది భాషలు కూడా సంస్కృతం నుంచే పుట్టాయని నమ్మేవారు. 1816లో మద్రాసులో అచ్చయిన క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాటతో జతగా మద్రాసులోని ఆంగ్లేయ అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక వ్యాసం రాసి, తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబానికి చెందినవని, వాటి ధాతువులు సంస్కృత ధాతువుల నుంచి వచ్చినవి కావని నిరూపించారు. ఆ నిరూపణకు అవసరమైన తెలుగు సామగ్రిలో ముఖ్యమైన భాగం కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పే ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలలో పనిచేసిన పట్టాభిరామశాస్త్రి గారి నుంచి అందింది. చరిత్ర పాఠాలలో ఎల్లిస్ పేరే అరుదుగా వినబడుతుంది, శాస్త్రి గారి పేరు అసలే వినబడదు. తెలుగు విద్యార్థులు ఆ రెండు పేర్లనూ కలిపి గుర్తుంచుకోవాలని నా కోరిక. నలభై ఏళ్ల తరువాత, 1856లో, రాబర్ట్ కాల్డ్వెల్ తులనాత్మక వ్యాకరణం వెలువడి ‘ద్రావిడ’ అన్న కుటుంబనామం స్థిరపడింది.

ఇక కృష్ణమూర్తి గారి సంగతి. ఆయన 1928లో ఒంగోలులో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు చదివి, అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1957లో డాక్టరేటు పొందారు. తెలుగు క్రియాధాతువులను తక్కిన ద్రావిడ భాషల ధాతువులతో సరిచూసి, ఏ ధ్వని ఏ పరిస్థితిలో ఏమయిందో తేల్చిన ఆ సిద్ధాంతగ్రంథం 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుంచి వెలువడింది. 1962లో ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నెలకొల్పి ఆచార్యులుగా 1986 వరకు పనిచేశారు. ఆ తరువాత 1993 వరకు హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్నారు. జీవితకాలపు కృషినంతా ఒకచోట చేర్చిన ద్రావిడ భాషల బృహద్గ్రంథాన్ని కేంబ్రిడ్జి ముద్రణాలయం 2003లో ప్రచురించింది. 2012లో హైదరాబాదులో కన్నుమూశారు.

ఈ తేదీలన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. నేను చెప్పదలచిన అసలు విషయం, ఈ తేదీల నడుమ ఆయన ఎవరి మాటలు విన్నారన్నది. డాక్టరేటు ముగించుకొని వచ్చిన ఆ పండితుడు చేపట్టిన పెద్ద పనులలో ఒకటి రైతుల మాటలను సేకరించడం. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తరఫున ఆయన సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో, రెండవది చేనేత పదాలతో 1971లో వచ్చాయి. ఒక వస్తువుకు ఏ జిల్లాలో ఏ పేరు ఉన్నదో ఊళ్లకు పోయి అడిగి రాసుకున్న కోశాలవి. దున్నేవారినీ నేసేవారినీ అడిగి రాసుకున్న మాటలు ద్రావిడ భాషలన్నిటికీ తల్లి అయిన మూల ద్రావిడాన్ని పునర్నిర్మించే పనికి ఎందుకు అని సందేహం కలగవచ్చు. కావ్యభాష సంస్కృతంతో, కవిసమయాలతో నిండి ఉంటుంది. చేతిపనివారి మాట తరం నుంచి తరానికి పని ద్వారా అందుతుంది కనుక ‘నూలు’, ‘నేయు’ వంటి పాత ద్రావిడ మాటలు అక్కడ పదిలంగా మిగులుతాయి. ఏ మాట ఏ ప్రాంతం వరకు వ్యాపించి ఆగిపోయిందో పటం మీద గుర్తిస్తే, భాషలో మార్పు ఎలా పాకుతుందో కంటికి కనబడుతుంది. ధ్వనిమార్పు ఒక్కసారిగా భాషనంతటినీ కమ్మకుండా మాట నుంచి మాటకు, ఊరి నుంచి ఊరికి పాకుతుందని ద్రావిడ సాక్ష్యంతో చూపిన ఆయన 1978 నాటి వ్యాసం ప్రపంచ భాషాశాస్త్రజ్ఞుల దృష్టిని ఆకర్షించింది. ఆ వ్యాసం వెనుక పదకోశాల కాలపు వినికిడి ఉన్నదని నేను నమ్ముతాను.

కొండ భాష మీద ఆయన చేసిన పని కూడా అటువంటిదే. లిపి లేని, విశాఖ, శ్రీకాకుళం కొండలలో మాట్లాడే ఆ భాషకు 1969లో ఆయన రాసిన వర్ణనలో ఒక ముఖ్యమైన అంశం బయటపడింది. మనం బండి ‘ఱ’గా రాసి, పలకడంలో మాత్రం మామూలు ‘ర’తో కలిపివేసిన ధ్వనిని కొండవారు ఇప్పటికీ వేరుగా పలుకుతారు. పాత శాసనాల లిపిలో ఉన్న తేడా నిజంగా నోటి తేడాయేనని సాక్ష్యం చెప్పడానికి ఒక కొండజాతి నాలుక మిగిలి ఉన్నది. ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువును 1961లో, దాని సవరించిన కూర్పును 1984లో వెలువరించిన బరో, ఎమెనో కూడా ఇదే దారిలో నడిచారు. బరో ఆక్స్‌ఫర్డులో సంస్కృతాచార్యుడు. అయినా పర్జీ, పెంగో వంటి భాషలను మధ్యభారతపు ఊళ్లకు వచ్చి రాసుకున్నారు. ఎమెనో నీలగిరులలో తోడ, కోత భాషలను విన్నారు. అంతకు ముందే మన గిడుగు రామమూర్తి గారు సవరభాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. అది ద్రావిడం కూడా కాదు, ముండా కుటుంబపు భాష. కనుక గ్రంథాలయంలో కూర్చుని పాత పుస్తకాలు తిరగవేయడమే ఈ వృత్తి అనుకొని వచ్చేవారికి సగం పనే తెలుస్తుంది.

మిగిలిన సగంలో తర్కానిది పెద్ద పాత్ర. ఎక్కడా వినబడని ధ్వని ఒకప్పుడు ఉండి ఉండాలని లెక్కకట్టి చెప్పడం ఈ శాస్త్రంలో అన్నిటికంటె సాహసమైన పని. ఇరవై ఒక్క ఏళ్ల స్విస్ భాషాశాస్త్రజ్ఞుడు సొస్యూర్ 1879లో ప్రచురితమైన గ్రంథంలో, సంస్కృతం, గ్రీకు, లాటిన్ వంటి భాషలకు తల్లి అయిన మూల ఇండో యూరోపియన్ భాషలో, తరువాతి భాషలన్నిటిలో మాసిపోయిన కొన్ని ధ్వనులు ఉండేవని వాదించారు. 1915లో హ్రోజ్నీ నేటి టర్కీ ప్రాంతంలో దొరికిన మట్టిపలకల మీది హిట్టైటు భాష ఆ కుటుంబానిదేనని చూపారు. 1927లో కురిలోవిచ్, సొస్యూర్ ఊహించిన ధ్వనికి సాటియైన హల్లు ఆ భాషలో సరిగ్గా ఉండవలసిన చోట్లనే ఉన్నదని గుర్తించారు. మన కుటుంబంలో కృష్ణమూర్తి గారు మూల ద్రావిడానికి అటువంటి ఒక కంఠ్యధ్వనిని ప్రతిపాదించారు. పాత తమిళంలో మూడు చుక్కలతో రాసే ‘ఆయ్దం’ అన్న అక్షరం, ‘అఃదు’, ‘పఃదు’ వంటి రూపాలలో, ఆ ధ్వనికి మిగిలిన జాడ అని ఆయన వాదన; మన ‘అది’, ‘పది’ ఆ రూపాలకు సాటివే. ఈ వాదాన్ని అందరూ ఒకేవిధంగా అంగీకరించాలని లేదు, కాని సాక్ష్యం ఎలా పేర్చాలో నేర్చుకోవడానికి విద్యార్థులకు ఇంతకంటె మంచి పాఠం నాకు కనబడలేదు.

సంస్కృతం విషయంలో నా సమాధానం సూటిగా ఉంటుంది: నేర్చుకోక తప్పదు, కాని ఇప్పటికే రావలసిన పనిలేదు. మన ప్రాంతపు అతి పాత రాతలు సంస్కృతంలో కూడా కాక ప్రాకృతంలో ఉన్నాయి. సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధక్షేత్రంలో దొరికిన ఇక్ష్వాకుల కాలపు శాసనాలు, కృష్ణకు దగ్గరలోని నాగార్జునకొండ శాసనాలు చదవాలంటే బ్రాహ్మీ లిపి, ప్రాకృతం రెండూ రావాలి. కొలనుపాకలో కల్యాణి చాళుక్యుల కాలపు రాతలలో కన్నడం విరివిగా ఉంటుంది. అలంపురంలో బాదామి చాళుక్యుల నాటి సంస్కృత, కన్నడ శాసనాలు ఉన్నాయి. అందుచేత మొదట బ్రాహ్మీ నుంచి తెలుగు కన్నడ లిపి ఎలా రూపొందిందో చేతితో రాసి నేర్చుకోవడం, తరువాత సంస్కృత వ్యాకరణం పునాదులు, ఆ వెంట ప్రాకృతం, చదవగలిగినంత కన్నడం, తమిళం అన్న వరుస మేలని నా అనుభవం. కన్నడ లిపి తెలుగువారికి కొద్ది వారాలలో పట్టుబడుతుంది. తమిళానికి మాత్రం ఓపిక కావాలి, దానిని దాటవేసి తులనాత్మక పరిశోధనలోకి ప్రవేశించడం కుదరదు. ఆంగ్లంలో ధారాళంగా చదవగలగడం కూడా అవసరమే, ఎందుకంటె ఈ శాస్త్రంలో ప్రధానమైన రచనలు చాలావరకు ఆ భాషలోనే ఉన్నాయి.

మన జిల్లాలలో ఏమి చేయవచ్చునన్న ప్రశ్నకే నేను ఎక్కువ చోటు ఇవ్వదలచాను, ఎందుకంటె ఇక్కడి సంపద గురించి ఇక్కడి విద్యార్థులకే తెలియకపోవడం నన్ను బాధిస్తుంది. ఉమ్మడి నల్లగొండ శాసనాలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి సంపాదకత్వంలో రాష్ట్ర పురావస్తు శాఖ సంపుటాలుగా తెచ్చింది. ఆ జిల్లావారే అయిన బి.ఎన్. శాస్త్రి గారు జీవితమంతా ఊరూరా తిరిగి శాసనాలు సేకరించి అచ్చువేశారు. ఈ సంపుటాలను చరిత్రకారులు రాజుల పేర్ల కోసం, తేదీల కోసం చదివారు. భాష కోసం చదివినవారు తక్కువ. దానం ఇచ్చిన భూమి ఎల్లలు చెప్పే పంక్తులలో చెరువుల పేర్లు, తూముల పేర్లు, పొలాల కొలతలు, పన్నుల పేర్లు నిండి ఉంటాయి. పైన సంస్కృత శ్లోకాలలో రాజవంశ స్తుతి సాగినా, ఎల్లల దగ్గరకు వచ్చేసరికి రాయించినవాడు ఊరి భాషలోకి దిగక తప్పదు. ఏ రూపం ఏ శతాబ్దంలో ఏ ఊరిలో మొదట కనబడింది, ఎప్పుడు మాసిపోయింది అని ఒక పట్టిక తయారుచేస్తే అది ఒక మంచి పరిశోధన గ్రంథానికి సరిపోతుంది. తొలి తెలుగు శాసనాలలో ‘ఴ’ అన్న అక్షరం ఉండేది. తమిళులు ‘ఏఴు’, ‘కోఴి’ అన్నచోట మనం ‘ఏడు’, ‘కోడి’ అనడం ఆ అక్షరం పోయిన తరువాతి స్థితి. విష్ణుకుండినుల కాలానిదిగా భావించే కీసరగుట్ట రాతలో ‘తొలచువాన్ఱు’ అన్న రూపం ఉన్నది. మన ‘వాడు’ మొదట ‘వాన్ఱు’, తరువాత ‘వాండు’, ఆపైన అరసున్నతో ‘వాఁడు’ అయి ఇప్పటి రూపానికి వచ్చిన క్రమానికి అది ఎంతో విలువైన సాక్ష్యం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మన తెలంగాణ మాటలో ‘వచ్చిండు’, ‘చేసిండు’ అంటాము కదా, ఈ సున్న ఆ పాత ‘వాండు’లోని సున్నయే, కనుక మన మాండలికం వెయ్యేళ్ల నాటి రూపాన్ని కాపాడింది అని ఉత్సాహంగా రాసినవారిని చూశాను. మన ప్రాంతపు మాట మీద ప్రేమతో రాసినా, రుజువు లేని ప్రేమ ఈ శాస్త్రంలో నిలవదు. ‘వచ్చిండు’ను ‘వచ్చిన’ అన్న రూపానికి ‘డు’ చేరి ఏర్పడినదిగా కూడా చెప్పవచ్చు. అప్పుడు ఆ సున్న భూతకాలపు ‘న’ నుంచి వచ్చినట్లు. రెండింటిలో ఏది సరి అని తేల్చాలంటే ‘న’ లేని రూపాన్ని పరీక్షించాలి. భవిష్యత్తులో మనం ‘వస్తడు’ అంటాము, ‘వస్తండు’ అనము. పాత ‘వాండు’ సున్నయే మిగిలి ఉంటే అది ఇక్కడ కూడా కనబడాలి. కనబడటం లేదు కనుక రెండవ వివరణకే బలం ఎక్కువ. ‘వాండ్లు’ అన్న బహువచనం సంగతి వేరు. దానిని కావ్యాలలోని ‘వాండ్రు’తో పోల్చి చూడటానికి ఆధారం ఉన్నది. తనకు ఇష్టమైన వివరణను ఓడించగల ఉదాహరణను తానే వెదకడం అలవాటైన రోజున విద్యార్థి పరిశోధకుడవుతాడు.

రాళ్ల మీదనే కాక నోళ్లలో ఉన్న సంపద కూడా తక్కువది కాదు. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాలలో లంబాడీ మాట్లాడతారు. అది రాజస్థానీ భాషలకు దగ్గరైన ఇండో ఆర్య భాష. ఎరుకలవారి భాష ద్రావిడ కుటుంబానిదే, అందులోనూ తమిళానికి దగ్గరిది. నారాయణపేట, మక్తల్ సరిహద్దులలో ఒకే ఇంట్లో తెలుగు, కన్నడం రెండూ నడుస్తాయి. పట్టణాలలో దక్కనీ ఉర్దూ ఉన్నది. అమ్రాబాద్ అడవులలోని చెంచుల తెలుగులో బయటివారి తెలుగుకు లేని ప్రత్యేకతలు ఉన్నాయి. భాషలు ఒకదానితో ఒకటి కలిసి బతికినప్పుడు వంశం వేరైనా పోలికలు పెరుగుతాయని, భారతదేశం మొత్తం అటువంటి ఒక భాషామండలమని ఎమెనో 1956లో చూపారు. ఆ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి మన రెండు ఉమ్మడి జిల్లాల కంటె అనువైన చోటు వెదకవలసిన అవసరం లేదు. ఎరుకల, లంబాడీ భాషలను పిల్లలు క్రమంగా వదలివేస్తున్నారు. పెద్దల మాటను ఇప్పుడు రాసుకోకపోతే తరువాత రాసుకోవడానికి మనుషులు ఉండరు. వారి దగ్గరకు వెళ్లేటప్పుడు అనుమతి అడిగి, ఎందుకు రాసుకుంటున్నామో చెప్పి, రికార్డు చేసిన దాని నకలు వారికే ఇవ్వడం కనీస మర్యాద.

బతుకు గడవడం గురించి దాపరికం లేకుండా చెబుతాను. భాషాశాస్త్రంలో అధ్యాపక పదవులు తక్కువ, నియామకాలు ఏళ్ల తరబడి ఆగిపోతాయి. యూజీసీ నెట్ పరీక్షలో భాషాశాస్త్రం ఒక ప్రత్యేక విషయంగా ఉన్నది. ఆ పరీక్ష ద్వారా ఇచ్చే పరిశోధక భృతి, జేఆర్‌ఎఫ్, వస్తే పరిశోధన కాలమంతా ఇంటి మీద భారం పడకుండా గడుస్తుంది, కనుక ఎం.ఏ. రెండవ సంవత్సరం నుంచే దానికి చదవాలి. ఉస్మానియా భాషాశాస్త్ర శాఖ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, తెలుగు విశ్వవిద్యాలయం, కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయం, పుణేలోని దక్కన్ కళాశాల చదువుకు తగిన చోట్లు. మైసూరులో రెండు సంస్థలు ఉన్నాయి: 1969లో ఏర్పడిన భారతీయ భాషల కేంద్ర సంస్థ ఒకటి, దేశం నలుమూలల నుంచి తెచ్చిన వేల కొలది శాసనాల కాగితపు ముద్రలను భద్రపరచిన పురావస్తు సర్వేక్షణ శాసన విభాగం మరొకటి. శాసన విభాగంలో ఉద్యోగాలు కొద్దివే అయినా, తెలుగు కన్నడ లిపులు బాగా చదవగలిగినవారి అవసరం అక్కడ ఎప్పుడూ ఉంటుంది. ఈ మధ్య కంప్యూటరు మీద భాషాసామగ్రి తయారుచేసే సంస్థలలో కూడా భాషాశాస్త్రం చదివినవారికి పని దొరుకుతున్నది. ఇవేవీ కుదరకపోతే జూనియర్ లెక్చరర్‌గానో, డిగ్రీ కళాశాల అధ్యాపకుడిగానో స్థిరపడి పరిశోధన కొనసాగించడం చిన్నతనమని అనుకోవద్దు. ఇంటి పరిస్థితి బాగాలేనివారికి నేను ఇచ్చే సలహా ముందు ఉద్యోగం, తరువాత డాక్టరేటు అనే. ఆకలితో చేసే పరిశోధన తొందరపాటు నిర్ణయాలకు దారితీస్తుంది.

ఇప్పుడు మీరు నల్లగొండలోనే ఉన్నారు కనుక పానగల్లుతో మొదలుపెట్టండి. పచ్చల సోమేశ్వరాలయం దగ్గరి మ్యూజియంలో ఉన్న శాసనాలలో ఒకదానిని ఎంచుకొని, అచ్చయిన పాఠాన్ని చూడకుండా ముందు రాతి మీద మీకు కనబడిన అక్షరాలను కనబడినట్లే రాసుకోండి. ఉదయపు ఎండ లేదా సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడేవేళ అక్షరాల లోతు బాగా తెలుస్తుంది. అక్షరాలు స్పష్టంగా కనబడాలని సుద్ద, రంగు, నూనె వంటివి రాతికి ఎంతమాత్రం పూయవద్దు. కాగితం తడిపి ముద్ర తీయాలంటే శాఖ అనుమతి, నేర్చినవారి తోడు రెండూ ఉండాలి. తరువాత జిల్లా శాసన సంపుటంలోని పాఠంతో సరిచూసి, తేడా వచ్చిన ప్రతి అక్షరం దగ్గర ఎవరిది సరైనదో మళ్లీ రాతి దగ్గరకే వెళ్లి తేల్చుకోండి. ఆ పాఠంలోని అచ్చతెలుగు మాటలను ఒక్కొక్క చీటీ మీద ఒక్కొక్కటిగా రాసి, ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో వాటి తోబుట్టువులను వెదికి చేర్చండి. ఆ నిఘంటువు ఇప్పుడు అంతర్జాలంలో ఉచితంగా అందుబాటులో ఉన్నది. అందులో దొరకని మాటలు కొన్ని తప్పక మిగులుతాయి. వాటిని విడిగా ఉంచి, పానగల్లు చెరువు కింద సేద్యం చేసే పెద్దవారిని ఆ మాటలు విన్నారేమో అడగండి, ఏ అర్థంలో విన్నారో వారి మాటలలోనే రాసుకోండి. ఆ చీటీలు ఒక వంద పోగైన తరువాత మళ్లీ రాస్తే, వాటి నుంచి పరిశోధనాంశం ఎలా నిర్ణయించుకోవాలో చెబుతాను.